బాప్తిస్మ తరగతిలో చివరి ప్రశ్న

ఆ శనివారం మధ్యాహ్నం గదిలో ఉన్నవారు: మా పాస్టర్ గారు, అంటే అందరూ అయ్యగారు అని పిలిచే పెద్దాయన. సంఘ పెద్దలు ముగ్గురు. బాప్తిస్మానికి పేరిచ్చిన పిల్లలు ఆరుగురు. గోడవారగా మడత కుర్చీల్లో వాళ్ల అమ్మానాన్నలు. ప్రశ్నల కాగితం పట్టుకుని నేను.

ఉన్నవి: ఒక వైట్‌బోర్డు. దాని మీద ఉదయం ఎవరో గీసిన నోవహు ఓడ, పక్కనే దయచేసి చెరపవద్దన్న చీటీ. రెండు అల్యూమినియం ట్రేలలో సమోసాలు. ప్రార్థన అయ్యాకే తినాలి కాబట్టి వాటి మీద ఎవరూ చెయ్యి వేయలేదు. ఆ రోజు ప్రార్థన చాలా ఆలస్యమైంది. ఎందుకు ఆలస్యమైందో చెప్పాలంటే ముందు ఈ పని ఏమిటో చెప్పాలి.

ఇది ఏ ఉద్యోగం

నేను సాఫ్ట్‌వేర్ టెస్టర్‌ని. జీతం వచ్చేది లాస్ కొలీనాస్‌లోని ఆఫీసు నుంచి. ఇక్కడ రాసేది దాని గురించి కాదు. టెక్సస్‌లోని ఇర్వింగ్ ఊళ్లో మా తెలుగు సంఘంలో తొమ్మిదేళ్లపాటు నేను బాప్తిస్మ తరగతి నడిపాను. జీతం లేదు, సెలవుల్లేవు, పనిలోంచి తీసేసేవాళ్లూ లేరు. మొన్న నేనే దిగిపోయాను. ముప్పై అయిదేళ్లకు రిటైర్‌మెంట్ ఏమిటని సంఘమంతా నవ్వింది. నా స్థానంలోకి వస్తున్న ఇద్దరూ నాకంటే చిన్నవాళ్లు. పాఠాల ఫోల్డరు వాళ్లకు ఇచ్చేశాను. ఫోల్డరులో లేనివి ఇక్కడ రాస్తున్నాను.

మాలో ఎక్కువమంది గోదావరి జిల్లాల నుంచి, కృష్ణా, గుంటూరు వైపు నుంచి వచ్చిన క్రైస్తవ కుటుంబాలవాళ్లు. సొంత మందిరం లేదు. ఒక అమెరికన్ చర్చివాళ్లు ఆదివారం ఉదయం ఆరాధన ముగించుకుని వెళ్లాక, అదే భవనంలో మధ్యాహ్నం మేం కూడుకుంటాం. వాళ్ల కాఫీ వాసన పోకముందే మా కూరల వాసన మొదలవుతుంది. ఇన్నేళ్లలో వాళ్లు దాని గురించి ఒక్క మాట అనలేదు. మంచివాళ్లు.

పిల్లలు పద్నాలుగు, పదిహేనేళ్లప్పుడు పేరిస్తారు. కొన్ని వారాలు తరగతి ఉంటుంది, కంఠత వాక్యాలుంటాయి. చివర ఒక శనివారం పెద్దల ముందు కూర్చుని ప్రశ్నలకు జవాబులు చెప్పాలి. పెద్దలు సరేనంటే మర్నాడే బాప్తిస్మం, ఆ తర్వాత విందు. పని మొదలుపెట్టినప్పుడు నాకు ఇరవై ఆరేళ్లు. మొదటి రోజే పిల్లలు అంకుల్ అన్నారు. అద్దంలో చూసుకున్నాను. తర్వాత అలవాటైంది.

నీళ్లు

కొత్తవాళ్లు వాక్యం గురించి భయపడతారు. ముందు నీళ్ల గురించి భయపడాలి. వేదిక వెనక తెర తీస్తే బాప్తిస్మపు తొట్టి ఉంటుంది. అది నిండడానికి సగం రోజు పడుతుంది. హీటరు స్విచ్ తొట్టి దగ్గర ఉండదు, వంటగదిలో ఫ్రిజ్ వెనక ఉంటుంది. ఆ సంగతి నాకు మొదటి ఏడు ఎవరూ చెప్పలేదు. అది జనవరి. అయ్యగారు మొదటి మెట్టు మీద కాలుపెట్టి ఒక్క క్షణం ఆగారు. తర్వాత నడుములోతుకు దిగారు. ఆయన ప్రార్థన మొదలుపెడితే వంటగదిలో ఆడవాళ్లు అన్నం మళ్లీ వేడి చేసుకుంటారు. అలాంటి మనిషి ఆ రోజు ప్రార్థనను రెండు వాక్యాల్లో ముగించారు.

తర్వాత కారులో వెళ్తూ అన్నారు. "యొర్దాను నదిలో హీటర్ లేదు, నిజమే బాబూ. కానీ అక్కడ బాప్తిస్మమిచ్చిన యోహానుకి నా వయసు లేదు."

అయ్యగారు

ఈ పనిలో పైఅధికారంటూ నాకు ఒకరుంటే ఆయనే. వారమంతా ఒక మెడికల్ బిల్లింగ్ ఆఫీసులో పనిచేస్తారు, ఆదివారం బోధిస్తారు. నా తరగతిలోకి ఎప్పుడూ తొంగిచూడలేదు. చెప్పాల్సింది ఉంటే హైవే మీద, నేను ఆయన్ని ఇంటి దగ్గర దింపడానికి తీసుకెళ్లేటప్పుడు చెప్పేవారు. కదిలే కారులో లేచి వెళ్లిపోయే వీలుండదు కాబట్టి, శిక్షణకు అంతకంటే మంచి గది లేదని ఇప్పుడు అనిపిస్తోంది.

ఒకసారి, మన బుధవారం ప్రార్థనలో ఏమేం అడుగుతున్నామో వరుసగా చెప్పమన్నారు. నాకు వరుసలంటే ఇష్టం. హెచ్-వన్-బీ, గ్రీన్ కార్డ్, కొన్న ఇంటి క్లోజింగ్, షుగరు, పిల్లల కాలేజీ, లేఆఫ్ రాకుండా ఉండటం అని చెప్పాను. ఆయన తలూపి, అవన్నీ అడగాల్సినవే, తండ్రిని కాక ఇంకెవర్ని అడుగుతామన్నారు. తర్వాత, అపొస్తలుడు తనకు ప్రియమైన ఒక సంఘం కోసం ప్రార్థిస్తూ ఏమడిగాడో చెప్పమన్నారు. నేను తడుముకుంటుంటే ఆయనే చెప్పారు. దేవుణ్ణి వాళ్లు తెలుసుకోవాలి. ఆయన పిలిచిన పిలుపులో ఎంత నిరీక్షణ, అంటే ఆశ, ఉందో, పరలోకంలో ఎలాంటి స్వాస్థ్యం, అంటే వారసత్వం, ఉందో తెలుసుకోవాలి. క్రీస్తును మృతుల్లోంచి లేపిన బలమే తమలో పనిచేస్తోందని తెలుసుకోవాలి.

"మూడూ తెలుసుకోవడాలే చూశావా. ఇంటికి డెలివరీ అయ్యేది ఒక్కటీ లేదు," అన్నారు.

నాకు చాలా నచ్చింది. మర్నాడే దాన్ని నాలుగో వారం పాఠంగా చేర్చాను. మూడు అంశాలుగా విడగొట్టి, ఒక్కోదానికి రెండు ప్రశ్నలు రాసి, మొత్తం కంఠతకు పెట్టాను. పిల్లలు తడబడకుండా అప్పజెప్పేవాళ్లు. ఆ ప్రార్థనను మేం ఎన్నిసార్లు అప్పజెప్పించుకున్నామో లెక్కలేదు. ఒక్కసారి కూడా మోకాళ్లూని ప్రార్థించలేదు. అది అప్పట్లో ఎవరికీ లోటుగా అనిపించలేదు.

బంగారు వీధులు

పెద్దల్లో ముఖ్యులు శామ్యూల్ అంకుల్. తాడేపల్లిగూడెం మనిషి, చాలా ఏళ్ల కిందట ఇక్కడికి వచ్చి రోడ్ల ఇంజినీరుగా చేసి రిటైరయ్యారు. పరలోకం మీద పాఠం ఆయనే చెప్పేవారు. బంగారు వీధుల దగ్గరికి వచ్చేసరికి గొంతు మారేది, తమ శాఖ పని గురించి చెబుతున్నట్టుగా ఉండేది.

ఒక ఏడు వెనక వరసలోని కుర్రాడు చెయ్యెత్తి, బంగారం మెత్తగా ఉంటుంది కదా, వానొస్తే జారదా అని అడిగాడు. నేనైతే నవ్వి దాటేసేవాణ్ణి. ఆయన నిజంగా ఆలోచించారు.

"లోడ్ ఉండదు నాయనా," అన్నారు చివరికి. "అక్కడ ఎవరూ బరువు మోసుకుని నడవరు."

ఇలాంటి జవాబు ముందుగా తయారుచేసుకుంటే రాదు. మీ పాఠంలో సందేహాలకు చోటు ఉంచండి. సగం తరగతి అలా పోయినా నష్టం లేదు.

టెస్టర్‌కి తెలిసి ఉండాల్సింది

ఆ శనివారానికి వద్దాం. ప్రశ్నల వరుస నాకంటే ముందు తరగతి నడిపినాయన రాసింది. నేను మెరుగులు దిద్దాను. త్రిత్వం, పాపం, సిలువ, రొట్టె ద్రాక్షారసం తీసుకునే ప్రభువు బల్ల, బాప్తిస్మం అంటే ఏమిటి. అన్నింటి తర్వాత శామ్యూల్ అంకుల్ స్వయంగా అడిగే చివరి ప్రశ్న: నీకు దేవుడు తెలుసా? జవాబు: తెలుసు. అంతటితో ముగింపు ప్రార్థన, సమోసాలు.

ఆ శనివారం దాకా ఆ ప్రశ్నకు ఇంకో జవాబు నేను వినలేదు. ఎప్పుడూ ఫెయిల్ కాని టెస్ట్ కనబడితే, ఆఫీసులో అయితే నేను దాన్నే ముందు అనుమానిస్తాను. అది దేన్నీ పరీక్షించడం లేదని అర్థం. శనివారాలు ఆ సంగతి నాకు తట్టలేదు.

అయిదుగురు తెలుసన్నారు. ఆరో పిల్ల కెజియా. పదిహేనేళ్లు. ఇక్కడే పుట్టింది, ఇంట్లో తెలుగు మాట్లాడుతుంది, స్కూలు బ్యాండ్‌లో క్లారినెట్ వాయిస్తుంది. తల్లి సుజాతక్కది పాలకొల్లు, తండ్రి మోహన్ గారిది నరసాపురం. ఆ ఏడు కంఠత వాక్యాల్లో అందరికంటే ముందున్నది కెజియానే. మిగతా ప్రశ్నలన్నింటికీ టకటకా చెప్పి, ఇక్కడ ఆగింది.

"తెలీదు అంకుల్," అంది.

శామ్యూల్ అంకుల్ ఆమెకు ప్రశ్న అర్థం కాలేదనుకున్నారు. భయపడొద్దని చెప్పి, ఒక్కో మాట విడదీసి మళ్లీ అడిగారు.

"క్వశ్చన్ అర్థమైంది అంకుల్. ఆయన గురించి తెలుసు. చాలా తెలుసు. బట్ ఆయన నాకు తెలీదు. తెలుసు అని చెప్తే అది లై కదా. రేపు బాప్తిస్మం, ఇవాళ లై ఎలా చెప్తా?"

వెనకనుంచి సుజాతక్క, తెలుసని చెప్పమ్మా, అని గొంతు తగ్గించి అంది. ఆ గదిలో గొంతు తగ్గించినా అందరికీ వినబడుతుంది. ఆమె పరిస్థితి నాకు తెలుసు. బంధువులు పక్క రాష్ట్రంలోని బెంటన్‌విల్ నుంచి డ్రైవ్ చేసుకుని అప్పటికే వచ్చి ఇంట్లో ఉన్నారు. బిరియానీ ట్రేలు చెప్పేశారు. తెల్లగౌను కుట్టించారు. మాది చిన్న సంఘం. పెద్దలు కాదన్న పిల్ల అని ఒకసారి పేరు పడితే, ఆ పిల్ల కాలేజీకి వెళ్లాక మళ్లీ గుమ్మం తొక్కదు. అలా మాకు దూరమైనవాళ్లను నేను చూశాను. తల్లి మాట విని తెలుసు అనేస్తే అబద్ధంతో నీళ్లలోకి దిగుతుంది. ఎటు చూసినా పిల్ల పోతుందనే నాకు అనిపించింది. పెద్దలు ఏమంటారోనని అందరూ శామ్యూల్ అంకుల్ వైపు చూస్తున్నారు. ఆయన అయ్యగారి వైపు చూస్తున్నారు.

అయ్యగారు కుర్చీని కాస్త ముందుకు జరుపుకున్నారు. "ప్రశ్న బాగానే ఉంది. మనం కూడా ఒకసారి చెప్పుకుందాం," అని మొదటి పెద్ద వైపు తిరిగారు.

ఆ పెద్దాయన గొంతు సవరించుకుని, తాను ఇంటర్మీడియట్ చదివే రోజుల్లో నరసాపురం సువార్త కూటాల్లో రెండో రాత్రి ఏం జరిగిందో చెప్పడం మొదలుపెట్టారు. మాకందరికీ తెలిసిన సాక్ష్యమే. అందులో సైకిలు వచ్చే ఘట్టం దగ్గర అయ్యగారు ఆపారు.

"అది అప్పుడు బ్రదర్. పాప ఇప్పటి సంగతి అడుగుతోంది."

ఆయన బైబిలు మూసి ఒళ్లో పెట్టుకున్నారు. రెండో పెద్ద తన వంతు రాకముందే కళ్లజోడు తీసి తుడవడం మొదలుపెట్టారు. పిల్లల్లో ఒకడు నవ్వాడు, వాళ్లమ్మ వాడి మోచేతి మీద తట్టింది. మూడో పెద్ద శామ్యూల్ అంకుల్. బోర్డు మీది ఓడ బొమ్మకేసి చూశారు.

"పరలోకం గురించి ఈ పిల్లలకి ఏళ్ల తరబడి చెప్పాను అయ్యగారూ," అన్నారు. "మీ చెల్లెమ్మ పోయాకే అక్కడికి వెళ్లాలని నాకు నిజంగా అనిపించింది. అదైనా ఆమెను చూడటానికే. దేవుణ్ణి చూడాలని ఇంకా అడగలేదు."

ఆయన భార్య మెర్సీ ఆంటీ చనిపోయి అప్పటికి ఏడాది కాలేదు. గదిలో ఏదో బరువు దిగినట్టే ఉంది తప్ప దుఃఖంగా లేదు. కెజియా లేచి వెళ్లి ఆయన పక్క కుర్చీలో కూర్చుంది. ఎవరూ చెప్పలేదు.

అప్పుడు అయ్యగారు ఆమెతో అన్నారు. "నువ్వు ఫెయిల్ కాలేదు తల్లీ. రేపు మాత్రం దిగొద్దు, నీ మాటను నువ్వే నిలబెట్టుకున్నట్టు ఉంటుంది. ఇంకో సంగతి. అపొస్తలుడు ఆ ప్రార్థన చేసింది బాప్తిస్మం తీసుకోనివాళ్ల కోసం కాదు, ఎప్పుడో తీసుకున్నవాళ్ల కోసం. అంటే తెలుసుకోవాల్సింది మాకూ ఉంది. కాబట్టి అందరం అడుగుదాం."

మడత కుర్చీలు వెనక్కి నెట్టి అందరం మోకాళ్లూనాం. నేను ఆ మూడు అంశాలనూ ఎన్నోసార్లు బోర్డు మీద రాశాను. ఆ రోజు వాటిని అడిగాను. ఆ రెండు పనులకూ ఎంత తేడా ఉందో మాటల్లో చెప్పలేను. లేచేసరికి సమోసాలు చల్లారిపోయాయి. అయినా ట్రేలు ఖాళీ అయ్యాయి.

మర్నాడు

ఆ శనివారమే, ఇళ్లకు బయల్దేరేటప్పుడు, పార్కింగ్‌లో సుజాతక్క నన్ను పట్టుకుంది.

"తమ్ముడూ, అన్నీ నేర్పావు కదా. అవునని చెప్పడం ఒక్కటి నేర్పలేకపోయావా?"

ఆమె కళ్లు తుడుచుకుని కారెక్కింది. మర్నాడు వాళ్లు రారనే అనుకున్నాం. వచ్చారు. బెంటన్‌విల్ బంధువులతో సహా, బిరియానీ ట్రేలతో సహా వచ్చారు. ఆర్డరిచ్చిన బిరియానీ మా పిల్ల కోసం ఆగుతుందా, తినండి అని సుజాతక్కే వడ్డించింది. ఎవరో ఒకావిడ సానుభూతిగా ఏదో అడగబోతే, మా అమ్మాయి అబద్ధం చెప్పలేదండీ, అంతే జరిగింది, అని ఇంకో గరిటె వేసింది. ముందురోజు పార్కింగ్‌లో ఏడ్చిన మనిషి ఆమే. దేవుని బలం అంటే అప్పటిదాకా నేను జ్వరం తగ్గడమో వీసా స్టాంపింగో అనుకునేవాణ్ణి. ఆ గరిటె చూశాక ఆ నిర్వచనాన్ని కొంచెం సవరించుకున్నాను.

మిగతా అయిదుగురు బాప్తిస్మం పొందారు. కెజియా మెట్ల పైన నిలబడి ఒక్కొక్కరికీ తువ్వాలు అందించింది.

కారులో తరగతి

ఆ వారం నుంచి గురువారం సాయంత్రాలు కొత్త తరగతి మొదలైంది. దానికి పాఠం లేదు. బ్యాండ్ ప్రాక్టీస్ అయ్యాక సుజాతక్క కెజియాను తీసుకుని ఇంటికి డ్రైవ్ చేసే సమయంలో, శామ్యూల్ అంకుల్, నేను ఫోన్‌లో కలిసేవాళ్లం. నలుగురం ఆ మూడే అడిగేవాళ్లం. ఆయన ప్రతిసారీ ఒకే హెచ్చరికతో మొదలుపెట్టేవారు. "సుజాతమ్మా, నువ్వు కళ్లు తెరిచే ప్రార్థించు. ఎగ్జిట్ దాటిపోతావు."

రెండుసార్లు దాటిపోయింది.

ఆ కాల్స్‌లో అద్భుతాలు జరగలేదు. కొన్ని వారాలు పొడిగా గడిచాయి. ఒక గురువారం కెజియా, క్లారినెట్ రీడ్ విరిగింది, ఇవాళ ప్రేయర్ మూడ్ లేదు అంది. అయితే ఆ మాటే దేవుడికి చెప్పమన్నారు శామ్యూల్ అంకుల్. ఇంకో రోజు తల్లి గురించి నాతో అంది: "ఇంతకుముందు అమ్మ నా గురించి ప్రే చేసేది అంకుల్. మార్క్స్, హెల్త్, అన్నీ. నాతో కలిసి చేయడం ఇదే ఫస్ట్." అవతల సుజాతక్క ఇండికేటర్ వేసి కారు పక్కకు ఆపిన చప్పుడు వినబడింది.

చలికాలం పోయాక ఒక సాయంత్రం, వాళ్ల కారు ఇల్లు చేరబోతుండగా కెజియా ఒక ప్రశ్న అడిగింది. దాన్ని మీరు ఫోల్డరులో మొదటి పేజీలో పెట్టుకోవాలి.

"శామ్యూల్ అంకుల్, నాన్న ఎలాంటివాడు అంటే నాకు డిస్క్రైబ్ చేయడం రాదు. బట్ గరాజ్ డోర్ సౌండ్ వస్తే నాన్న వచ్చాడని తెలుస్తుంది. చూడక్కర్లేదు. దేవుడు కూడా అలాగే తెలుస్తాడా?"

అవతల వాళ్ల గరాజ్ తలుపు పైకి లేస్తున్న శబ్దం వచ్చింది.

"అలాగే అనుకుంటా తల్లీ," అన్నారు. "ఈమధ్య పొద్దున్నే లేచేసరికి ఇంట్లో ఎవరో ఉన్నట్టుంటోంది. ముందు మీ ఆంటీ అనుకున్నాను. కాదు."

కొత్తవాళ్లకు

చివరి ప్రశ్నను నేను మార్చేశాను. ఇప్పుడది, దేవుని గురించి నువ్వు ఇంకా ఏం తెలుసుకోవాలనుకుంటున్నావు అని. దానికి సరైన జవాబు కాగితం మీద లేదు. పెద్దలు మొదట గొణిగారు, తర్వాత వాళ్లే ఎక్కువ మాట్లాడటం మొదలుపెట్టారు. ఈ పనిలో పిల్లలకు జవాబులు నేర్పడం తేలిక భాగం. నిజం చెప్పినా ఎవరూ బయటికి నెట్టరని వాళ్లకు నమ్మకం కలిగించడం కష్టమైన భాగం. వాళ్లకోసం ప్రార్థించండి, కానీ వాళ్లతో కలిసి ఎక్కువగా ప్రార్థించండి. వంటగదిలో ఫ్రిజ్ వెనక్కి చెయ్యి పోకపోతే చీపురు కర్ర వాడండి.

వేసవికి ముందు ఒక మామూలు ఆదివారం, తరగతేమీ నడవని రోజుల్లో, కెజియా తనంతట తానే అయ్యగారి దగ్గరికి వెళ్లి బాప్తిస్మం కావాలని అడిగింది. తర్వాతి ఆదివారం ఆరాధన చివర తెర తీశాం. బంధువులు రాలేదు, విందు లేదు. అందరూ తెచ్చుకున్న పులిహోర, పెరుగన్నం ఉన్నాయి. నీళ్లలో అయ్యగారు, మెట్ల దగ్గర శామ్యూల్ అంకుల్. ఆయన ఏమీ అడగలేదు. ఆమే ఆగి చెప్పింది.

"కొంచెం తెలుసు అంకుల్. ఆయనకి మాత్రం నేను ఫుల్‌గా తెలుసు. మిగతాది తెలుసుకుంటా. ఓకేనా?"

"నాదీ అంతే తల్లీ," అన్నారు ఆయన. "దిగు."

ముందు వరసలో సుజాతక్క తువ్వాలు పట్టుకుని నిలబడింది. ఈసారి కళ్లు మూసుకునే ప్రార్థించింది.

ఆ ఆదివారం బాప్తిస్మం పొందినవారు ఒక్కరు.